బేస్ గిటార్ కొనేముందు: మీ సౌండ్ ఏ డబ్బాలోంచి బయటికొస్తుంది?

"అన్నా, బేస్ కొందామనుకుంటున్నా. ఏ కంపెనీ తీసుకోమంటావ్?" అని నెలకొకరైనా ఫోన్ చేస్తారు. ఎక్కువమంది చర్చిల్లో వాయించే కుర్రాళ్లు. నేనూ అక్కడినుంచి వచ్చినవాడినే. గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనలో మొదలుపెట్టాను. ఇప్పుడు విజయవాడలో ఉంటూ ఆర్కెస్ట్రాలకి, పెళ్లి సంగీత్‌లకి, కాలేజీ ఫెస్టులకి, అప్పుడప్పుడు హైదరాబాద్ పబ్బులకి వాయిస్తున్నాను. 14 ఏళ్లయింది. కంపెనీ పేరు చెప్పేముందు వాళ్లని ఒక్కటే అడుగుతాను: నువ్వు వాయించేచోట నీ సౌండ్ ఏ డబ్బాలోంచి బయటికొస్తుంది?

ఈ ప్రశ్నకి జవాబు దొరికితే కొనుగోలు సగం తేలిపోతుంది. నేను ఒప్పుకునే ప్రోగ్రాములు పది ఉంటే ఎనిమిదింటిలో జనానికి వినపడేది నా ఆంప్ (ఆంప్లిఫయర్) కాదు. సౌండ్ సప్లై వాళ్లు తెచ్చిన టాప్స్ (పైన పెట్టే స్పీకర్లు), బేస్ బిన్లు (అడుగు సౌండ్ కోసం కింద పెట్టే పెద్ద స్పీకర్లు). నేను మిక్సర్‌కి లైన్ ఇస్తాను, అంతే. వెనకాల ఆంప్ పెట్టుకుంటే అది నా చెవి కోసమే. అందుకే డబ్బు పెట్టే వరస ఇలా ఉండాలంటాను: ముందు చేతిలో ఉండే బేస్, దాని సెట్టింగ్. తర్వాత డీఐ బాక్స్, అంటే బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిగ్గా పంపే చిన్న డబ్బా. ఆంప్ ఆఖర్న.

నేను దీన్ని తలకిందులుగా చేశాను. కూడబెట్టిన మొదటి డబ్బంతా 15 అంగుళాల స్పీకర్ ఉన్న పాత కాంబో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) మీద పెట్టాను. ఇద్దరు పట్టుకుంటే గానీ ఆటో ఎక్కేది కాదు. మూడేళ్లపాటు ప్రతి స్టేజీ మీదా మిక్సర్ దగ్గరివాళ్లు "అన్నా, అది తగ్గించండి, మైకుల్లోకి వచ్చేస్తోంది" అనేవాళ్లు. ఆ మూడేళ్లూ నా చేతిలో ఉన్న బేస్ మాత్రం అయిదో ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డగీత) దగ్గర గరగరలాడుతూనే ఉంది. ఆ గరగర మాత్రం బిన్లలోంచి ఊరంతా విన్నది.

ప్రెసిషనా, జాజా

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. 1957లో దాని పికప్‌ని (తీగ వణుకుని సిగ్నల్‌గా మార్చే భాగాన్ని) రెండు ముక్కలుగా మార్చారు. 1960లో జాజ్ బేస్ వచ్చింది. ఇవాళ షాపుల్లో కనపడే యమహా, ఐబనీజ్, కోర్ట్, సైర్, స్క్వైర్, ఏది పట్టుకున్నా ఈ రెండింటి పోలిక ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాబట్టి ముందు ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకోండి.

చేతికి తెలిసే తేడా మెడ దగ్గర. ఇప్పటి ప్రెసిషన్ నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) వెడల్పు 41.3 మిల్లీమీటర్లు, జాజ్‌ది 38.1. చెప్పడానికి మూడు మిల్లీమీటర్లే. మూడు గంటల సంగీత్‌లో మొదటి మూడు ఫ్రెట్ల దగ్గరే ఎడమచెయ్యి తిరుగుతుంటే ఆ మూడు మిల్లీమీటర్లు మణికట్టుకి బాగా తెలుస్తాయి. వేళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకి జాజ్ మెడ హాయి. షాపులో అయిదు నిమిషాలు వాయించి చూసుకుంటే ఇది తేలదు. కూర్చుని కాదు, స్ట్రాప్ వేసుకుని నిలబడి, అరగంట ఆపకుండా వాయించమని చెప్తాను. మంచి షాపువాళ్లు ఏమీ అనుకోరు.

సౌండ్‌కి వస్తే, ప్రెసిషన్‌లో ఒకే పికప్. ఒకటే మాట మాట్లాడుతుంది, కానీ గట్టిగా మాట్లాడుతుంది. దానికి మిడ్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలు, బలం. జాజ్‌లో రెండు పికప్‌లు. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గరది పెంచితే ముక్కుతో పలికినట్టు స్పష్టంగా, రెండూ పూర్తిగా పెడితే స్లాప్‌కి (బొటనవేలితో తీగని కొట్టి వాయించడానికి) బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ రెండూ పూర్తిగా పెట్టినప్పుడు మిడ్ కొంత లోపలికి పోతుంది. గదిలో ఒంటరిగా వాయించుకుంటే అదే అందం. మన ఆర్కెస్ట్రాలో మాత్రం ఒక పక్క ఢోలక్, ఇంకో పక్క ప్యాడ్, పైన కీబోర్డు ఆయన ఎడమచెయ్యి ఉంటాయి. ఆ రద్దీలో జాజ్ కనపడకుండా పోవడం నేను చాలాసార్లు విన్నాను. బిన్లు కదులుతుంటాయి, ఏ స్వరం వాయిస్తున్నామో మాత్రం తెలియదు. అదే స్టేజీ మీద ప్రెసిషన్ పెడితే పల్లవిలో బేస్ ఎక్కడ నడుస్తోందో వెనక వరసలో వాళ్లకీ తెలుస్తుంది.

జాజ్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు పికప్‌లూ సమానంగా ఉంటే హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే మోత) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి పెంచి ఒకటి తగ్గించగానే హమ్ బయటికొస్తుంది. ఫంక్షన్ హాళ్లలో డిమ్మర్లు, చౌక ఎల్ఈడీ పార్ లైట్లు పక్కనే ఉంటాయి కాబట్టి ఆ హమ్ గదిలోకన్నా స్టేజీ మీద ఎక్కువ. ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ని ఇంకోటి కొట్టేసేలా చేసినవే, దానికి ఈ బాధ లేదు.

ఒకే ఒక్క బేస్ కొనగలిగినవాళ్లకి నేను చెప్పేది: ప్రెసిషన్, లేదా ప్రెసిషన్ పికప్‌తో పాటు బ్రిడ్జి దగ్గర జాజ్ పికప్ కూడా ఉన్న పీజే. యమహా టీఆర్‌బీఎక్స్ 174, దానికన్నా మెరుగైన బీబీ 234, రెండూ ఈ రకమే, రెండూ బ్యాటరీ లేని పాసివ్ బేస్‌లే. 174 కొన్న కుర్రాళ్లు ఇంకా దాన్నే వాయిస్తున్నారు, పెద్ద స్టేజీల మీద కూడా. చేతులు చిన్నవైతే, సన్నటి మెడ కావాలంటే ఐబనీజ్ ఎస్‌ఆర్ 300ఈ చూడండి. అయితే అది బ్యాటరీతో నడిచే యాక్టివ్ బేస్.

బ్యాటరీ ఉన్నదా, లేనిదా

1976లో వచ్చిన మ్యూజిక్‌మ్యాన్ స్టింగ్‌రేతో యాక్టివ్ బేస్ అందరి చేతుల్లోకి వచ్చింది. లోపల చిన్న ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్), దానికి 9 వోల్టుల బ్యాటరీ. బేస్ మీదే లో (అడుగు సౌండ్), హై (పై సౌండ్) పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పొడుగు కేబుల్ వేసినా హైస్ పోవు. సౌండ్ చూసుకునే అతను మొదటిసారి కలిసినవాడైతే, బేస్ గురించి అతనికి పట్టింపు లేకపోతే, మన చేతిలోనే ఈక్యూ, అంటే సౌండ్ సర్దుకునే నాబ్‌లు, ఉండటం పెద్ద ఊరట.

దాని బలహీనత కూడా ఆ బ్యాటరీయే. భీమవరంలో ఒక సంగీత్. రెండో మెడ్లీ మధ్యలో నా సౌండ్ పగిలినట్టు రావడం మొదలైంది. గట్టిగా కొడితే బర్రుమంటోంది, మెల్లగా కొడితే మామూలుగానే ఉంది. కేబుల్ అనుకున్నాను, మార్చాను. స్పీకర్ అనుకున్నాడు మిక్సర్ దగ్గరతను. పాట అయ్యేలోపు అసలు సౌండే సన్నబడిపోయింది. బేస్ వెనక మూత నాలుగు స్క్రూలతో బిగించి ఉంది, స్క్రూడ్రైవర్ లేదు. వంటవాళ్ల దగ్గర కత్తి తెచ్చి విప్పాం. బ్యాటరీ మాత్రం ఎక్కడ? చివరికి పెళ్లివారి అబ్బాయి బండి మీద వెళ్లి, షట్టర్ సగం దించిన కొట్టులోంచి పట్టుకొచ్చాడు. పెళ్లికూతురు ఎంట్రీ పాట బేస్ లేకుండానే అయిపోయింది. ఆవిడకి తెలిసుండదు, నాకు మాత్రం ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

ఆ తర్వాత నేర్చుకున్న అలవాట్లు: యాక్టివ్ బేస్‌కి కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ, వాయించకపోయినా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఆ జాక్ సాకెట్టే స్విచ్చి. విరామంలో కేబుల్ పీకెయ్యాలి. కొత్త బ్యాటరీ వేసిన తేదీ చిన్న టేపు మీద రాసి మూతకి అంటించాలి. సంచిలో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉండాలి. కొనేటప్పుడు బ్యాటరీ డబ్బా స్క్రూలు లేకుండా గోటితో తెరుచుకునేదా అని చూడండి. యాక్టివ్, పాసివ్ మార్చుకునే స్విచ్ ఉంటే ఇంకా మంచిది. సైర్ మార్కస్ మిల్లర్ వీ7లో అది ఉంటుంది, బ్యాటరీ చచ్చినా పాట ఆగదు.

నాలుగు తీగలా, అయిదా

నెట్‌లో ఈ వాదన ఎక్కువగా మెటల్ వాయించేవాళ్ల కోణంలోంచి సాగుతుంది. మన స్టేజీల మీద అయిదో తీగ అవసరం వేరే దారిలో వస్తుంది. గాయకుల శ్రుతి దారిలో.

మామూలు బేస్‌లో అడుగు తీగ ఇ. దాని ఫ్రీక్వెన్సీ 41 హెర్ట్జ్ చిల్లర. పాట ఇ లో ఉంటే, అంటే మూడు శ్రుతిలో ఉంటే, ఆ ఓపెన్ తీగ మోగుతుంటే పాటకి నేల ఉన్నట్టుంటుంది. స్టేజీ ఎక్కాక గాయకుడు వెనక్కి తిరిగి "అన్నా, గొంతు బాగాలేదు, అర శ్రుతి దించండి" అంటాడు. కీబోర్డు ఆయన ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటి నొక్కుతాడు, ఆయన పని అయిపోయింది. నాలుగు తీగల బేస్‌లో ఆ రెండున్నర శ్రుతి షడ్జమం కింద లేదు. ఎ తీగ ఆరో ఫ్రెట్‌కి పోవాలి. పాట ఒక్క అర శ్రుతి దిగితే బేస్ దాదాపు ఒక స్థాయి పైకి పోతుంది. పాట బరువు అక్కడే పోయింది. అయిదు తీగల బేస్‌లో అదే స్వరం బి తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర, చెయ్యి ఉన్నచోటే ఉంటుంది.

దీనికి తోడు ఇప్పటి సినిమా పాటల్లో బేస్ చాలావరకు కీబోర్డు మీద చేసిందే. సింథ్ బేస్‌కి ఇ దగ్గర ఆగాలన్న నియమం లేదు. ఒకటి శ్రుతిలో, రెండు శ్రుతిలో ఉన్న పాటల్లో అది హాయిగా కింది సి, డి వాయించేస్తుంది. ఆ పాటే మనల్ని స్టేజీ మీద అడుగుతారు. కాబట్టి సినిమా పాటల ఆర్కెస్ట్రాలో స్థిరపడాలనుకునేవాళ్లకి నా సలహా అయిదు తీగలే. చర్చిలో, గిటార్లు ఎక్కువగా జి, డి, ఇ, ఎ లలో కేపో (మెడకి బిగించే క్లిప్) వేసుకుని వాయించేచోట, నాలుగు తీగలు చాలు. మధ్యేమార్గం ఒకటుంది: ఇ తీగ బిరడా తీసేసి డ్రాప్ ట్యూనర్ వేయించుకోవచ్చు. దాని లివర్ తిప్పితే ఇ కాస్తా డి అవుతుంది. రెండు శ్రుతి పాటలకి అది చాలు.

అయిదు తీగలది కొనేటప్పుడు మాత్రం ఆ బి తీగని విడిగా పరీక్షించండి. చౌక బేస్‌లలో బి తీగ వదులుగా, తడిసిన తాడులా ఉంటుంది. స్వరం మొదలు కొట్టగానే పైకి పోయి మెల్లగా కిందకి దిగుతుంది. ట్యూనర్ పెట్టుకుని చూస్తే ముల్లు కదలడం కనపడుతుంది. స్కేలు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు, 34 అంగుళాలు మామూలు, 35 ఉన్నవాటిలో బి కొంచెం బిగువుగా ఉంటుంది. తీగ మందం 0.130 వేసినా మేలే. ఇంకోటి గుర్తుంచుకోండి: ఓపెన్ బి 31 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 18 అంగుళాల బిన్లు లేకుండా టాప్స్ మాత్రమే ఉన్న చిన్న హాల్లో ఆ అడుగు ఎవరికీ చేరదు, దాని పై హార్మోనిక్సే (ఆ స్వరంతో పాటు మోగే పై స్వరాలే) వినపడతాయి. అలాంటిచోట మిడ్ పెంచండి, లో పెంచి లాభం లేదు.

సెట్టింగ్, తీగలు

పాతికవేల బేస్‌ని మంచి పనివాడి దగ్గర సెట్ చేయిస్తే యాభైవేల బేస్‌తో పోటీపడుతుంది. ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ), యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు), ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) ఈ మూడూ చూస్తారు. ఇంటోనేషన్ మీరే చూసుకోవచ్చు. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మోగించిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్ మీద ఒకటే కావాలి. నొక్కినది ఎక్కువ పలికితే బ్రిడ్జి మీది శాడిల్ (తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి. మన దగ్గర వేసవికి, వానాకాలానికి గాలిలో తేమ చాలా మారుతుంది, కోస్తాలో మరీను. నేను మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మెడ చూపించుకుంటాను. పాత బేస్ కొంటే మెడని బాడీ వైపు నుంచి కన్నుపెట్టి నట్ దాకా చూడండి. వంపు ఉంటే రాడ్‌తో సరిచేయొచ్చు, మెలి ఉంటే వదిలేయండి, ఎంత చౌకగా ఇచ్చినా సరే.

తీగల్లో నికెల్, స్టీలు, ఫ్లాట్‌వూండ్ అని మూడు దారులు. స్టీలువి మెరుస్తాయి, స్లాప్‌కి బాగుంటాయి, వేళ్లనీ ఫ్రెట్లనీ అరగదీస్తాయి. నికెల్ మధ్యస్థం. డాడారియో ఈఎక్స్‌ఎల్ 165, అంటే 0.045 నుంచి 0.105 సెట్టు, నా చేతికి అలవాటు. ఫ్లాట్‌వూండ్ నున్నగా ఉంటుంది, వేలు జారినప్పుడు కిర్రుమనదు, పాత మెలొడీలకి దానికి సాటి లేదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్‌కి లా బెల్లా ఫ్లాట్లు వేసి ఏళ్ల తరబడి మార్చేవాడు కాదు. ఇళయరాజా గారి పాత పాటల్లో బేస్ పాటకి సమానంగా పాడుతుందే, ఆ గుండ్రటి సౌండ్ కావాలనుకునేవాళ్లకి చేతిలో మొదటి మార్పు ఫ్లాట్లే. అవి ఖరీదు ఎక్కువ, కానీ ఏళ్లు వస్తాయి. విశాఖ, కాకినాడ వైపు వాయించేవాళ్లకి ఇది ఇంకా లెక్కలోకి వస్తుంది. సముద్రపు గాలికి, చెమటకి మామూలు నికెల్ తీగలు నెల తిరక్కుండానే మూగబోతాయి. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తీగ కింద కూడా తుడవండి. నా సంచిలో పాత లుంగీ ముక్క ఎప్పుడూ ఉంటుంది.

డీఐ బాక్స్: చిన్న డబ్బా, పెద్ద పని

బేస్ నుంచి మిక్సర్‌కి మామూలు గిటార్ కేబుల్ నేరుగా గుచ్చితే రెండు నష్టాలు. ఒకటి, పాసివ్ పికప్‌కి ఎదుట పెద్ద ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) కావాలి, సుమారు 1 మెగాఓం. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో అది 10 కిలోఓంల దగ్గరే ఉంటుంది కాబట్టి హైస్ చచ్చిపోయి, దుప్పటి కప్పినట్టు వినపడుతుంది. రెండు, స్టేజీ నుంచి మిక్సర్ దాకా ముప్పై మీటర్ల కేబుల్ దారిపొడవునా హమ్ పోగేసుకుంటుంది. డీఐ బాక్స్ మన సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్లో పంపుతుంది. రెండు తీగల్లో ఎదురెదురుగా పోయిన సిగ్నల్‌ని మిక్సర్ కలిపేటప్పుడు దారిలో పట్టిన హమ్ కొట్టుకుపోతుంది.

ఇందులో పాసివ్, యాక్టివ్ రెండు రకాలు. పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ, యాక్టివ్ బేస్‌కి పాసివ్ డీఐ అని గుర్తుపెట్టుకుంటే చాలు. పాసివ్ డీఐలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, కరెంటు అక్కర్లేదు, చెడిపోయేది ఏమీ ఉండదు. జెన్సెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రేడియల్ జేడీఐ దీనికి మంచి ఉదాహరణ, ధర కూడా అలాగే ఉంటుంది. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ గానీ బ్యాటరీ గానీ కావాలి. ఊళ్లలో చిన్న మిక్సర్లలో ఫాంటమ్ ఉండకపోవచ్చు, ఉన్నా ఆన్ చెయ్యడానికి భయపడతారు. బెరింజర్ డీఐ 100 లాగా రెండింటితోనూ నడిచేది తీసుకుంటే ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు.

ఇక సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ లాంటి ప్రీయాంప్ డీఐలు. వీటిలో ఈక్యూ, కొంచెం ట్యూబ్ గరగర, స్పీకర్ సౌండ్ అనుకరణ అన్నీ ఒకే పెడల్లో ఉంటాయి. డబ్బు తక్కువైతే బెరింజర్ బీడీఐ 21 అదే పని చౌకగా చేస్తుంది. పైది ప్లాస్టిక్కే, కాలితో మెల్లగా తొక్కాలి. నన్ను ఒక్క వస్తువు మాత్రమే సంచిలో వేసుకెళ్లమంటే బేస్ తర్వాత ఈ పెడల్నే వేసుకుంటాను. నా సౌండ్ నేనే తయారుచేసి ఇస్తాను. మిక్సర్ దగ్గర ఎవరున్నా ఫేడర్ ఎత్తితే చాలు. బ్లెండ్ నాబ్ సగం దగ్గర, డ్రైవ్ తొమ్మిది గంటల ముల్లు దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ప్రెజెన్స్ అతిగా పెంచితే వేళ్ల చప్పుడు బిన్లలో టకటకమంటుంది.

మీ ఆంప్ వెనకాలే డీఐ అవుట్ ఉంటే విడిగా కొననక్కర్లేదు. కానీ దాని పక్కన ప్రీ, పోస్ట్ అనే స్విచ్ ఉంటుంది. ప్రీలో పెట్టండి. పోస్ట్‌లో ఉంటే మీ కోసం ఆంప్ మీద బేస్ నాబ్ తిప్పిన ప్రతిసారీ బయట జనానికి సౌండ్ మారిపోతుంది.

ఆంప్: ఎన్ని వాట్స్?

వాట్స్ లెక్క చాలామందిని మోసం చేస్తుంది. 50 నుంచి 100 వాట్స్‌కి పోతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్లు వాట్స్. కాబట్టి 40కి, 60కి మధ్య తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇంట్లో సాధనకి, చర్చిలో నా కాళ్ల దగ్గర మానిటర్‌గా వాడుకోవడానికి 40 చాలు. లైవ్ డ్రమ్స్ ఉండి, బేస్‌కి పీఏ (జనానికి వినిపించే హాలు సౌండ్ సిస్టం) లేని చోట 200, 300 అయినా ఉండాలి. ఈ రెండింటి మధ్య ఉన్నవి చాలావరకు ఇటూ కాక అటూ కాక ఇబ్బంది పెడతాయి.

ఆంపెగ్ 1969లో తెచ్చిన ఎస్‌వీటీ 300 వాట్స్ ట్యూబ్ హెడ్. దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదున్న క్యాబినెట్టే 60 కిలోల పైమాట. రాక్ బేస్ సౌండ్ అంటే లోకానికి అదే గుర్తొస్తుంది, నాకూ ఇష్టమే. ఇప్పుడు తేలికైన క్లాస్ డీ ఆంప్‌లు వచ్చాక అంత బరువు మోయనక్కర్లేదు. ఫెండర్ రంబుల్ 40 ఎనిమిది కిలోలు, 100 పది కిలోలు, రెండు పదుల స్పీకర్లున్న 500 పదహారున్నర కిలోలు. 500ని ఒక్కడినే మెట్లెక్కించగలను. ఆటోలో కాళ్ల దగ్గర పడుతుంది. ఫంక్షన్ హాలు రెండో అంతస్తులో ఉండి లిఫ్టు వంటసామాన్లకి ఇచ్చేసిన రోజు ఆ తేడా తెలిసొస్తుంది.

ఇంకో స్పీకర్ జోడించేవాళ్లు ఓంలు చూసుకోండి. 8 ఓంల క్యాబినెట్లు రెండు కలిపితే 4 ఓంలు. ఆంప్ వెనక కనీసం 4 ఓంలు అని రాసుంటే అంతకన్నా కిందకి దిగకూడదు, కాలిపోతుంది. పెట్టెమీద 500 వాట్స్ అని ఉన్నది సాధారణంగా 4 ఓంల లెక్క, ఒక్క 8 ఓంల స్పీకర్‌తో అంత రాదు.

అమెరికాలో ఉన్న అన్నయ్య, బావ ఎవరైనా వస్తున్నారంటే సామాను తెప్పించుకోవడం మనకి అలవాటు. బేస్ తెప్పించుకోండి, పెడల్స్ తెప్పించుకోండి. ఆంప్ మాత్రం వెనకాల 100–240 వోల్టులని రాసుంటేనే. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. నేరుగా గుచ్చిన ఆంప్ ఒకటి నా కళ్లెదుటే పొగవదిలింది.

జనరేటరు, ఎర్తు

ఈ భాగం మాత్రం అందరూ చదవాలి. బేస్ తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మైకు మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఆ రెండు ఎర్తులు ఒకటి కాకపోతే, లేదా ఒకదానికి అసలు ఎర్తే లేకపోతే, చేతిలో తీగలు పట్టుకుని కోరస్ పాడటానికి పెదవి మైకుకి ఆనించగానే షాక్ కొడుతుంది. ఒక ఊళ్లో పందిట్లో నాకు కొట్టింది. పళ్లలోంచి మెరుపు పోయినట్టనిపించింది. అది చిన్నది కాబట్టి బతికాను. ఆ తర్వాత చూస్తే మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి ఎర్త్ ఎగరగొట్టారు, హమ్ వస్తోందని.

హమ్ పోగొట్టడానికి ఎర్త్ పిన్ ఎప్పుడూ తీయకండి. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది దానికే. స్టేజీ మీద అన్నీ ఒకే బోర్డు నుంచి, ఒకే ఫేజు నుంచి ఇవ్వమని జనరేటర్ ఆయన్ని అడగండి. టెస్టర్ ఒకటి జేబులో పెట్టుకోండి. బేస్ తీగలు వదిలేసి, ఒక చేత్తో మైకు జాలీకి టెస్టర్ ఆనించి చూడండి. వెలిగితే పాడకండి, సరిచేసేదాకా వాయించకండి. ప్రోగ్రాం ఆలస్యమైతే కావచ్చు.

మిగతా సంచి

ట్యూనర్: క్లిప్ ట్యూనర్ మెడ వణుకుని వింటుంది, డ్రమ్స్ మోగుతుంటే అయోమయంలో పడుతుంది, కింది బి తీగని మరీ పట్టుకోలేదు. పెడల్ ట్యూనర్ సిగ్నల్‌నే వింటుంది, తొక్కితే మ్యూట్ కూడా అవుతుంది. బాస్ టీయూ 3 నాది, ఎండలో కూడా కనపడుతుంది.

కేబుల్: మూడు మీటర్లది ఒకటి, ఆరు మీటర్లది ఒకటి. ప్లగ్ మూత మర తిప్పితే విప్పుకునేవి కొనండి, టాంకా ఊడితే అరగంటలో మీరే వేసుకోవచ్చు. అచ్చుపోసిన ప్లగ్ ఊడితే పారెయ్యడమే. వైర్‌లెస్ గురించి అడుగుతారు. 2.4 గిగాహెర్ట్జ్‌వి ఇంట్లో హాయిగా పనిచేస్తాయి. రెండు వేలమంది ఫోన్లున్న హాల్లో, వైఫై రూటర్లు నాలుగున్నచోట, నాకు మధ్యలో తెగిపోయాయి. సంచిలో కేబుల్ లేకుండా వైర్‌లెస్ తీసుకెళ్లకండి.

స్ట్రాప్ మూడు అంగుళాల వెడల్పు తోలుది. నాలుగు కిలోల బేస్ మూడు గంటలు భుజాన ఉంటుంది, ఇక్కడ వంద రూపాయల దగ్గర బేరం వద్దు. బ్యాగు మెత్తటి పొర మందంగా ఉన్నది, పైన వానకి కప్పు ఉన్నది. బండి మీద పోయేవాళ్లు మెడ తల వెనక ఎత్తుగా లేస్తుందని గుర్తుపెట్టుకోండి. హోర్డింగు గొట్టాలకి, తక్కువ ఎత్తు గేట్లకి తగిలి హెడ్‌స్టాక్ విరిగినవి రెండు చూశాను.

చెవులు: 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించొచ్చంటారు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్‌కి మిగిలేది 15 నిమిషాలు. మన సంగీత్ స్టేజీలు అంతకన్నా తక్కువ ఉండవు. సంగీతం కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, దూదిలా హైస్‌ని మింగెయ్యవు. నాకు ఎడమచెవిలో ఇప్పటికీ రాత్రిళ్లు సన్నటి ఈలలా మోగుతూ ఉంటుంది. డ్రమ్మర్ సింబల్ వైపు పదేళ్లు నిలబడ్డ చెవి అది.

ఎవరికి ఏది

చర్చిలో మొదలుపెడుతున్న కుర్రాడికి నా లెక్క ఇది: నాలుగు తీగల పాసివ్ పీజే ఒకటి, దానికి సెట్టింగ్ చేయించి కొత్త తీగలు, ఒక యాక్టివ్ డీఐ, ఒక మంచి కేబుల్. ఆంప్ వద్దు. ఇంట్లో సాధనకి హెడ్‌ఫోన్ ఆంప్ చాలు. సినిమా పాటల ఆర్కెస్ట్రాలోకి పోయేవాళ్లు అయిదు తీగలది, బి తీగ బిగువు చూసుకుని, దాంతోపాటు ప్రీయాంప్ డీఐ పెడల్. పాత బేస్ అమ్మకండి. బ్యాటరీ అక్కర్లేనిది ఒకటి స్టేజీ పక్కన ఎప్పుడూ నిలబెట్టి ఉంచుకోవాలి. హైదరాబాద్‌లో బ్యాండ్ పెట్టి పబ్బుల్లో వాయించేవాళ్లకి మాత్రం ఆంప్ నిజంగా అవసరం. చాలా చిన్నచోట్ల పీఏలో గొంతులే పోతాయి, బేస్ మన వెనక డబ్బాలోంచే జనానికి చేరాలి. వాళ్లు క్లాస్ డీ 500 వాట్స్ కాంబోకి ముందు డబ్బు పెట్టినా తప్పులేదు.

కొనే రోజు మీ గాయకుణ్ణి కూడా షాపుకి తీసుకెళ్లండి. మీరు రోజూ వాయించే పాట ఒకటి అతన్ని పక్కన మెల్లగా పాడమనండి. మధ్యలో అర శ్రుతి దించమనండి. అప్పుడు మీ చెయ్యి ఎటు పోయిందో, ఆ కింది స్వరం దొరికిందో లేదో చూసుకుని డబ్బు తీయండి.